కొండవీటి చాంతాడు సంగతి: పైన మూడు చెరువులుంటే కింద అంత పొడుగు తాడెందుకు?

తెనాలి_నాన్న | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని కొండవీడు కోటకు వెళ్ళొచ్చాం. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లే గానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది కాబట్టి కారు పైదాకా పోతోంది.

మావాడు ఏడో తరగతి. బురుజు మీద నిలబడి చుట్టూ చూసి, "నాన్నా, ఇంత ఎత్తులో రాజు, సైన్యం, గుర్రాలు అన్నీ ఉండేవి కదా, వాళ్ళందరికీ నీళ్ళెక్కడివి?" అని అడిగాడు. కాస్త ముందుకు నడిస్తే జవాబు కళ్ళముందే కనబడింది. కొండమీద చెరువు. ఒకటి కాదు, మూడు.

అక్కడ మొదలైంది నా సందేహం. సరుకుల చీటీ కాస్త పొడుగైతే చాలు, మా అమ్మ "కొండవీటి చాంతాడంత రాశావేంట్రా" అనేది. నీళ్ళు పైన చెరువుల్లో నిండుగా ఉంటే ఆ చాంతాడు ఎవరికి, ఎందుకు?

ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడిగేస్తాను. 1579లో సుల్తాన్ కులీ కుతుబ్ షా ఈ కోటను గెలిచాడని నెట్‌లో చాలాచోట్ల చదివాను, అది సరైనదేనా? రాచవేమారెడ్డి పురిటి మీద సుంకం వేశాడన్న కథలో నిజమెంత? ఈ కథ మావాడికి చెప్పాను. అప్పట్నుంచి వాడు ఆ రాజు మీద చాలా కోపంగా ఉన్నాడు.

పుట్టాలమ్మ_ఒడ్డు | శనివారం రాత్రి 10:15

అన్నా, మాది కొండ కింద ఊరే. చాంతాడు సంగతి నేను చెప్తాను.

చెరువులు పైనున్న కోటవాళ్ళవి. పుట్టాలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అంటాం. కింద కాపురాలు చేసుకునే జనానికి మాత్రం బావులే గతి. రాతినేల కదా, కొండవాలు మీద పడిన వాన నిలవదు, దొర్లుకుంటూ పోతుంది. నీళ్ళు పడాలంటే బావి బాగా లోతుకు పోవాలి, లోతు పెరిగేకొద్దీ తాడూ పెరుగుతుంది. చేదే తాడు చేంతాడు, మన నోట్లో అదే చాంతాడయింది.

మా నాయనమ్మ కాపురానికొచ్చిన కొత్తలో తెల్లారగట్ల మూడింటికే బావి దగ్గరికి పోయేదంట. లాగిన తాడు పక్కన చుట్టలు చుట్టలుగా పడుతూనే ఉండేది, బొక్కెన మాత్రం ఎంతకీ పైకొచ్చేది కాదని చెప్పేది. ఆమె అరచేతుల్లో అడ్డంగా గట్టిపడిన చారలుండేవి, చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి. ఎవరైనా ఈ సామెత అంటే నాకు ముందు ఆ చారలే గుర్తొస్తాయి.

శాసనాల_బడి | శనివారం రాత్రి 11:02

తెనాలి నాన్నగారూ, మీవాడికి నా ఆశీస్సులు చెప్పండి. కోట చూడగానే గోడలు ఎంత ఎత్తని అడిగేవాళ్ళే ఎక్కువ. నీళ్ళ గురించి అడిగే పిల్లలు అరుదు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అసలు ఈ కొండే ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు చూద్దాం. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలోనే ఆయన ప్రాణం పోయింది. తెలుగుదేశంలో పెద్ద దిక్కంటూ లేకుండా పోయింది. అప్పుడు తలో చోటా లేచిన నాయకుల్లో ప్రోలయవేమారెడ్డి ఒకడు. 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా రాజ్యం మొదలుపెట్టాడు. ఎఱ్ఱన ఆయన ఆస్థానకవే. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది కూడా ఆయనే.

అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మైదానపు ఊరు. నీళ్ళకు లోటులేదు, పంటకు లోటులేదు. శత్రువు వస్తే దాక్కోవడానికి మాత్రం చోటు లేదు. ఓరుగల్లుకున్నంత కోట ఉండి కూడా ఏమైందో ఆ తరం వాళ్ళు కళ్ళారా చూశారు. అందుకని ప్రోలయవేముడు కొండవీటి కొండను కట్టుదిట్టం చేయించాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి ఇక్కడికే మార్చాడు. పైన గిరిదుర్గం, కింద మట్టితో కట్టిన పుట్టకోట. యుద్ధం వస్తే పైకి, లేనప్పుడు కింద.

ఇక్కడ ఒక మాట గమనించాలి. అనవోతుడు కొండెక్కి కూర్చున్నాడు గానీ సముద్రాన్ని వదల్లేదు. 1358లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. అంతకు నూరేళ్ళకు పైగా ముందు, 1244లో, కాకతీయ గణపతిదేవుడు అక్కడే వేయించిన అభయశాసనం బాటలోనే ఇదీ నడిచింది. రాజ్యానికి డబ్బు రేవు నుంచి వచ్చేది, భద్రత కొండ మీద దొరికేది. కొండవీడు వైభవమంతా ఈ రెంటి మధ్య దారిలోనే నడిచింది.

కాలువ_గట్టు | ఆదివారం ఉదయం 6:30

నేను నీటిపారుదల పని చేసి రిటైరయిన ఇంజినీర్ని. కొండవీడు నాలుగైదు సార్లు ఎక్కాను. వెళ్ళిన ప్రతిసారీ బురుజుల కంటే ఆ చెరువుల దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాను.

కొండవీడు ఒంటి కొండ కాదు, కొండల వరస. వరసలో శిఖరాలుంటాయి, శిఖరాల మధ్య పల్లాలుంటాయి. చుట్టూ ఉన్న వాలుల మీద పడిన వానంతా పల్లంలోకే దిగుతుంది. ఆ పల్లానికి దిగువన గట్టు వేస్తే చెరువు తయారు. ఒక చెరువు నిండి పొర్లితే ఆ నీళ్ళు రెండోదానికి చేరేట్టు కలిపారు. గోడ ఎక్కడ కట్టాలన్నది ఈ చెరువులే చెప్పాయని నా నమ్మకం. నీళ్ళు లోపల ఉండాలి, గోడ వాటికి బయట ఉండాలి. శిఖరాలను పట్టుకుని గోడ వంకరటింకరగా పోయిన తీరు చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది.

పుట్టాలమ్మ ఒడ్డు తమ్ముడు చెప్పింది పూర్తిగా నిజం. పైన పడిన వానను రాజు గట్టు కట్టి ఆపుకున్నాడు. కింద ఊరివాళ్ళకు నేలలోకి ఇంకిన నీళ్ళే మిగిలాయి. ఆ ఇంకిన నీటి లోతే మన చాంతాడు.

మిగిలిన నీళ్ళు ఎటు పోతాయో కూడా చెప్తాను. ఈ కొండల్లోనే కొండవీటి వాగు పుడుతుంది. అమరావతి పొలాల మీదుగా పారి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణకు వరదొచ్చిందంటే వాగు నీళ్ళు నదిలోకి పోలేక పొలాల మీద పడేవి. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం పెట్టి ఆ నీళ్ళను పంపులతో కృష్ణలోకి తోస్తున్నారు. రెడ్డిరాజులు పైన ఆపి వాడుకున్న నీళ్ళకు చెల్లెళ్ళే ఇవి.

రాజమండ్రి_రేవు | ఆదివారం ఉదయం 9:12

మాస్టారూ, కుమారగిరి రెడ్డి పేరెత్తకుండా కొండవీడు గురించి ఎలా మాట్లాడతాం? 1386 నుంచి 1402 దాకా ఏలిన రాజు. ఏటా వసంతోత్సవాలు చేయించి కర్పూర వసంతరాయలని పిలిపించుకున్నాడు. నర్తకి లకుమ ఆయన ఆస్థానంలోనిదే. ఉత్సవాలకు కావలసిన కర్పూరం, కస్తూరి, పన్నీరు లాంటివి సముద్రం దాటి వచ్చేవి. వాటిని తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఈయనకే. మోటుపల్లి అభయశాసనం ఎందుకు అవసరమైందో ఇక్కడ తెలుస్తుంది.

కుమారగిరి ఉత్సవాల్లో ఉంటే రాజ్యం బరువంతా మోసినవాడు బావమరిది కాటయవేముడు. తర్వాత మా రాజమహేంద్రవరంలో రెడ్డిరాజ్యం నడిపింది ఆయనే. మా గోదావరి వైపు కొండవీటివారు అన్న ఇంటిపేరు వినిపించినప్పుడల్లా నాకు ఈ కొండే గుర్తొస్తుంది.

తెనాలి_నాన్న | ఆదివారం ఉదయం 10:05

అందరికీ ధన్యవాదాలు. చారల సంగతి మావాడికి చదివి వినిపించాను, కాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. మరి పురిటి సుంకం?

పల్నాటి_గాలి | ఆదివారం ఉదయం 10:40

అది నిజమే సార్. మా వైపు ముసలాళ్ళందరికీ తెలిసిన కథ. రాచవేమారెడ్డి ఆఖరి రాజు. బిడ్డ పుడితే సుంకం కట్టాలన్నాడు. సవరం ఎల్లయ్య అనే బంటు కట్టలేకపోయాడు. నడివీధిలో కటారితో రాజును పొడిచి చంపాడు. అంతటితో కొండవీటి రెడ్డిరాజ్యం పోయింది. పుట్టిన బిడ్డ మీద కూడా డబ్బు అడిగినవాడికి తగిన శాస్తి జరిగింది.

శాసనాల_బడి | ఆదివారం మధ్యాహ్నం 12:20

తమ్ముడూ, కథ మీరు చెప్పినట్టే ఉంది. అయితే అది మనకు కైఫీయతుల్లో దొరుకుతుంది. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న కథనాలవి. రాచవేముడు చనిపోయి మూడున్నర శతాబ్దాలు దాటాక కాగితం మీదికి వచ్చిన మాటలు. వాటిని తోసెయ్యాలని నేను అనను. జనం ఒక రాజును అంతకాలం ద్వేషిస్తూ గుర్తుపెట్టుకున్నారంటే ఏదో గాయం ఉండే ఉంటుంది.

కానీ ఆయన కాలంలోనే రాయి మీద చెక్కిన మాట ఇంకొకటి ఉంది. అది కూడా వినాలి.

రాచవేముడి తండ్రి పెదకోమటి వేమారెడ్డి, 1402 నుంచి 1420 దాకా రాజు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఆయన కొలువులోనే. తల్లి సూరాంబిక. ఆ తల్లి ఫిరంగిపురం దగ్గర సంతానసాగరం అనే పెద్ద చెరువు తవ్వించింది. 1409 నాటి ఫిరంగిపురం శాసనం ఆ సంగతి చెబుతుంది. ఆ చెరువుకు నీళ్ళు చేరాలని కొడుకు రాచవేముడు కాలువ తవ్వించాడు, దాని పేరు జగనొబ్బగండ కాలువ. ఆ సంగతి అమీనాబాదు శాసనంలో ఉంది, కాలం 1415. ఆ శాసనాలు రాసినది విద్యాధికారి శ్రీనాథుడే.

జగనొబ్బగండ అన్నది వాళ్ళ వంశపు బిరుదు, లోకంలో ఒక్కడే వీరుడని అర్థం. యుద్ధంలో చెప్పుకునే బిరుదును ఆ కుర్రాడు ఒక నీటికాలువకు పెట్టాడు. యువరాజుగా ఉన్నప్పుడు చేసిన పని ఇది. అమ్మ చెరువు తవ్వించింది, కొడుకు దానికి నీళ్ళు తెచ్చాడు. మీవాడికి కోపం వచ్చిందన్నారు కదా తెనాలి నాన్నగారూ, ఇది కూడా చెప్పండి. ఆపైన ఎంత కోపం ఉంచుకోవాలో వాడి ఇష్టం.

పల్నాటి_గాలి | ఆదివారం మధ్యాహ్నం 1:05

మాస్టారూ, కాలువ సంగతి నేనెప్పుడూ వినలేదు. బాగుంది. కానీ నా మాట మీద నేను ఉన్నాను. రాజు చేసిన మంచిని చెక్కించింది రాజే, రాయించింది ఆయన జీతం తీసుకునే కవి చేత. సుంకం కట్టలేక ఏడ్చిన తల్లికి శాసనం వేయించే స్తోమత ఎక్కడిది? ఆమె మాట కథగానే మిగలాలి. అందుకే కైఫీయతుకు నేను కాస్త ఎక్కువ విలువిస్తాను.

కాలువ_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 2:30

పల్నాటి గాలి గారూ, మీ మాటకు దండం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చూసింది కూడా అదే. శిలాఫలకం మీద పేరు ఒకరిది, మట్టి మోసిన తల ఇంకొకరిది.

అయితే రెండూ ఒకే మనిషివై ఉండొచ్చు కదా. కాలువ తవ్వాలంటే వందలమంది పలుగూ పారా పట్టాలి, వాళ్ళకు గింజలు కొలవాలి. ఆ కాలంలో పక్కన రాచకొండ వాళ్ళతో తగువు, ఇటు రాజమండ్రితో తగువు, దక్షిణాన విజయనగరం. సైన్యం ఖర్చు ఆగలేదు. 1402 ముందున్నంత రాబడి కూడా లేదు, ఎందుకంటే రాజ్యం రెండు ముక్కలైంది. ఖర్చు తగ్గక, రాబడి తగ్గినప్పుడు రాజు చేయి ఎక్కడెక్కడికి పోతుందో మనకు తెలిసిందే. కాలువ తవ్విన యువరాజే కొన్నేళ్ళ తర్వాత కొత్త కొత్త సుంకాలు వేసిన రాజు అయ్యాడంటే నేను ఆశ్చర్యపోను. 1420లో గద్దెక్కాడు, 1424కల్లా పోయాడు. నాలుగేళ్ళే.

రాచకొండ_మట్టి | ఆదివారం సాయంత్రం 5:10

రాచకొండ తగువు మాట వచ్చింది కాబట్టి మా నల్లగొండ వైపు నుంచి ఒకటి చెప్తా. కొండవీటోళ్ళ దగ్గర నందికంత పోతరాజు కటారి అని ఒక పేరున్న కటారి ఉండేదట. యుద్ధంలో గెల్చి దాన్ని మా వెలమ ప్రభువులు రాచకొండకు తెచ్చుకున్నరు. అది పోవుడు కొండవీటికి తల కొట్టేసినట్టయింది. దాన్ని అడిగి తెచ్చేటందుకు శ్రీనాథుడు సింగభూపాలుడి కొలువుకు వచ్చిండని, పద్యంతోనే మెప్పించిండని చెప్పుకుంటరు. కత్తితో పోయిన దాన్ని కవితతో తెచ్చుకునే ప్రయత్నమన్నమాట. రెండు రాజ్యాలు కొట్టుకున్నా రెండింటికీ కవి మీద గౌరవముండేది. అది నాకు చాలా ఇష్టమైన విషయం.

కొండవీటికీ మా రాచకొండకూ ఇంకో పోలిక ఉన్నది. మాదీ గుట్టల వరసనే, పైన నీటి గుండాలున్నయి. అక్కడికి పోయినప్పుడు నాకు కూడా మీ అబ్బాయి ప్రశ్నే వచ్చింది.

దర్వాజా_దగ్గర | ఆదివారం రాత్రి 8:25

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు నా వంతు. రెడ్డిరాజ్యం పోయాక కోట ఖాళీగా ఏమీ లేదు. ముందు విజయనగరం చేతికి, 1450ల్లో ఒడిశా రాజు కపిలేంద్ర గజపతి చేతికి, మధ్యలో కొన్నాళ్ళు బహమనీల చేతికి, మళ్ళీ గజపతులకు. ఇవన్నీ గబగబా దాటి 1515కు వస్తున్నాను, ఎందుకంటే అసలు ముట్టడి అప్పుడు జరిగింది.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి తీసుకున్నాడు. తర్వాత అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం. చుట్టూ ఉన్న కోటలన్నీ ఒక్కొక్కటే ఊడబెరికి, చివరికి కొండవీటిని ఒంటరిని చేశాడు. యువ సంవత్సరం ఆషాఢ శుద్ధ ఏకాదశి శనివారం నాడు కోట పడింది. ఇంగ్లీషు లెక్కలో 1515 జూన్ 23. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుణ్ణి, ఇంకా చాలామంది పాత్రసామంతుల్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. శాసనాల్లో ఉన్న మాట "జీవగ్రాహంబుగా పట్టుకొని". ఆ తర్వాత వాళ్ళకు అభయమిచ్చాడు. అక్కడి నుంచి రాణులు తిరుమలదేవి, చిన్నాదేవిలతో అమరావతికి వెళ్ళి అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం, అంటే తన బరువుకు సరితూగే బంగారం దానం, చేశాడు. కొండవీటి పాలన తిమ్మరుసు చేతుల్లో పెట్టాడు. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి దుర్గాధ్యక్షుడై ఇక్కడ ఉన్నాడు.

కాలువ గట్టు బాబాయిగారిని ఒక మాట అడగాలి. తేదీ చూడండి. ఆషాఢ ఏకాదశి అంటే రోహిణీకార్తె ఎండలు అప్పుడే దాటాయి, తొలకరి ఇంకా చెరువు నింపలేదు. మన కొండమీది చెరువులు ఏడాదిలో అన్నిటికంటే ఎండిపోయి ఉండేది అప్పుడే కదా?

కాలువ_గట్టు | ఆదివారం రాత్రి 9:00

అమ్మా, నువ్వు అడిగిన ప్రశ్నకు నాకు ఒళ్ళు జలదరించింది. నిజమే. కార్తీకంలో ముట్టడిస్తే లోపలివాళ్ళకు నిండు చెరువులు. జ్యేష్ఠంలో అయితే గట్టు అడుగున బురద. వాన మీద మాత్రమే బతికే చెరువుకు ఆ నెలల్లో కొత్త నీళ్ళు రావు. మామూలు రోజుల్లో కోటలో ఉండే జనం వేరు, ముట్టడిలో చుట్టుపక్కల కోటల నుంచి పారిపోయి వచ్చి చేరిన జనం వేరు. తాగే నోళ్ళు పెరిగాయి, నీళ్ళు తగ్గాయి.

శాసనాల_బడి | ఆదివారం రాత్రి 9:35

ఊహ బాగుంది, కాలానికి సరిపోతోంది కూడా. అయినా ఒక హెచ్చరిక చేస్తాను. శాసనాలు కోట పట్టుబడిందనీ, ఎవరెవరు దొరికారనీ చెబుతాయి. నీళ్ళు అయిపోయి లొంగారని చెప్పవు. సైన్యం బలం, చుట్టూ కోటలన్నీ పోవడం, గజపతుల రాజధాని కటకం నుంచి సాయం రాకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. దీన్ని మన ఊహగానే ఉంచుదాం. రేపు ఎవరైనా ఇక్కడ చదివి చరిత్రని చెప్పి వాట్సాప్‌లో పంపితే తప్పు మనదవుతుంది.

దర్వాజా_దగ్గర | ఆదివారం రాత్రి 9:50

తప్పకుండా మాస్టారూ.

పల్నాటి_గాలి | ఆదివారం రాత్రి 10:10

మరి కత్తులబావి? గోపీనాథస్వామి గుడి దగ్గర ఉంది కదా. కృష్ణదేవరాయల కాలంలో 72 మంది రెడ్డి దొరల్ని గుడికి పిలిచి, ఒక్కొక్కరినే లోపలికి పంపి, నరికి బావిలో పడేశారంటారు. కోట నిజంగా చేతికొచ్చింది అలా మోసంతోనేనని మా తాత చెప్పేవాడు.

శాసనాల_బడి | ఆదివారం రాత్రి 10:45

బావి ఉంది, గుడి ఉంది. కథ మాత్రం కాలంతో పేచీ పడుతుంది. కొండవీట్లో రెడ్ల రాజ్యం 1424తో ముగిసింది. రాయలు వచ్చింది 1515లో. మధ్యలో 91 ఏళ్ళు. రాయలు ఎదుర్కొన్నది గజపతుల సైన్యాన్ని, పట్టుకున్నది గజపతి కొడుకుని. పట్టుకున్నవాళ్ళకు అభయమిచ్చినట్టు చెక్కిన శాసనాలున్నాయి. అయితే రాజ్యం పోయినా పాత దొరల కుటుంబాలు పల్లెల్లో ఉండే ఉంటాయి. కొత్త ప్రభువు వచ్చినప్పుడల్లా పాతవాళ్ళకు జరిగే నష్టమే కథై ఆ బావి చుట్టూ చేరిందని నేను అనుకుంటాను. వేమన కొండవీటి రాజు తమ్ముడన్న కథ కూడా ఇలాంటిదే. రెడ్డిరాజుల తర్వాత కాలం వాడాయన.

మీ తాతగారు చెప్పిన కథను మాత్రం మరిచిపోకండి. తారీఖు తప్పినంత మాత్రాన బాధ అబద్ధమైపోదు.

దర్వాజా_దగ్గర | సోమవారం ఉదయం 7:15

తెనాలి నాన్నగారు అడిగిన 1579 సంగతి మిగిలింది. మీరు చదివినదాంట్లో ఏడాదికీ మనిషికీ పొంతన కుదరదు. గోల్కొండ రాజ్యం పెట్టిన సుల్తాన్ కులీ 1543లోనే చనిపోయాడు. ఆయన కొండవీటి మీదికి దండెత్తింది 1530ల్లో. 1579 నాటికి గోల్కొండలో రాజు ఇబ్రహీం కుతుబ్ షా, 1580 దాకా ఏలాడు. పేర్లలో కులీ, కుతుబ్ అన్నవి రెండుచోట్లా ఉండటంతో ఎవరో కలిపేశారు, మిగతావాళ్ళు చూసి రాసేశారు. కొండవీడు గోల్కొండలో శాశ్వతంగా కలిసింది ఇబ్రహీం ఆఖరి రోజుల్లో. అప్పుడే ముర్తజానగర్ అని పేరు మార్చారు. తర్వాత గుంటూరు సర్కారు మొత్తానికి రికార్డుల్లో అదే పేరు నడిచింది. మన కొండకు ఆ పేరుతోనూ ఒక బతుకుంది.

రెండు ద్వారాల పేర్లు కూడా చూడండి, కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా. ముందు మాట తెలుగు ఊరు, వెనక మాట పారసీకం. నేను ఆ పేరు పెట్టుకున్నది అందుకే.

పుట్టాలమ్మ_ఒడ్డు | సోమవారం ఉదయం 8:00

అక్కా, ఇంకోటి చేర్చుకో. మా ఎడ్లపాడు మండలంలోనే చెంఘిజ్‌ఖాన్‌పేట అని ఊరుంది. ఆ ఊరి గుళ్ళో దేవుడు వెన్నముద్ద బాలకృష్ణుడు. చేతిలో వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు, కొండవీటి నుంచి తెచ్చిన విగ్రహమని మావాళ్ళు చెప్తారు. ఊరి పేరు అది, దేవుడు ఈయన. మేము పుట్టి పెరిగింది ఇందులోనే కాబట్టి మాకు వింతగా ఏమీ అనిపించదు.

రాజమండ్రి_రేవు | సోమవారం ఉదయం 11:30

మరి అంత కోట ఎలా పాడుపడింది? దాడిలోనా?

దర్వాజా_దగ్గర | సోమవారం మధ్యాహ్నం 1:10

ఏ దాడీ కూల్చలేదండీ. అవసరం తీరిపోయింది, అంతే. 1752లో ఫ్రెంచివాళ్ళ చేతికి పోయింది. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కు గుంటూరు సర్కారు జాగీరుగా ఉండేది. ఆయన పోయాక 1788లో ఇంగ్లీషువాళ్ళకు దక్కింది. వాళ్ళకు కొండ అక్కర్లేదు. కచేరీ పెట్టడానికి, పన్ను వసూలు చేయడానికి మైదానంలో ఊరు కావాలి. గుంటూరు పెరిగింది, కొండవీడు కాపలా లేని కోటయింది.

కాలువ_గట్టు | సోమవారం మధ్యాహ్నం 2:40

దీనికి నా లెక్క ఒకటి కలుపుతాను. గోడ వందేళ్ళు పట్టించుకోకపోయినా నిలబడుతుంది. చెరువు అలా నిలవదు. ఏటా పూడిక తీయాలి, గట్టు మీద మొలిచిన చెట్టు పీకాలి, తూము చూసుకోవాలి. జనం దిగిపోయిన కోటలో ముందు పోయేది చెరువే. ఈ చెరువుల్లో ఈ రోజుకీ నీళ్ళు కనబడుతున్నాయంటే ఆ గట్టు వేసినవాళ్ళు ఎంత పనిమంతులో ఆలోచించండి. వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. కొండెక్కేవాళ్ళు బురుజు మీద ఫొటో దిగాక ఒక్కసారి గట్టు మీద కూడా నడవండి. చిప్స్ ప్యాకెట్లు, సీసాలు నీళ్ళలో వేయకండి, బతిమాలి చెప్తున్నాను. పోయినసారి వెళ్ళినప్పుడు ఒక సంచి నిండా ఏరుకొచ్చాను.

తెనాలి_నాన్న | సోమవారం రాత్రి 8:50

రెండు రోజుల్లో ఇంత నేర్చుకుంటానని అనుకోలేదు. రాత్రి భోజనాల దగ్గర మావాడికి కాలువ సంగతి, తల్లి సూరాంబిక సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ కాలువలో నీళ్ళు తాగినవాళ్ళు కూడా సుంకం కట్టి ఉంటారా నాన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మళ్ళీ వెళ్దామంటున్నాడు. ఈసారి కోట ఒక్కటే కాదు, అమీనాబాదు శాసనం, ఫిరంగిపురం కూడా చూడాలట. ఎప్పుడు వెళ్తే మంచిది?

పుట్టాలమ్మ_ఒడ్డు | సోమవారం రాత్రి 9:20

అన్నా, దసరా సెలవులకు రండి. చెరువులు నిండి ఉంటాయి, సీతాఫలాలు కూడా ఉంటాయి. మా కొండ కాయ తింటే ఇంకెక్కడిదీ నచ్చదు మీకు. మాస్టారు గారు వస్తే కొండెక్కే పని లేకుండా కారులోనే తీసుకెళ్తాం.

శాసనాల_బడి | సోమవారం రాత్రి 9:45

వస్తాను బాబూ. అమీనాబాదులో మూలాంకురేశ్వరి అమ్మవారి గుడి ఉంది, రెడ్డిరాజుల ఇలవేల్పు. ముందు అక్కడికి వెళ్దాం. అబ్బాయికి నోటుపుస్తకం, పెన్సిలు తెమ్మనండి. శాసనంలో జగనొబ్బగండ అన్న పేరు వాడి చేతే చూసి రాయిస్తాను.

పల్నాటి_గాలి | సోమవారం రాత్రి 10:00

నేనూ వస్తాను. కత్తులబావి దగ్గర మా తాత కథ పూర్తిగా చెప్తాను, మాస్టారు తారీఖులు చెప్పాలి.

పుట్టాలమ్మ_ఒడ్డు | సోమవారం రాత్రి 10:12

అందరూ మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే. మా నాయనమ్మ వాడిన చాంతాడు ఇంకా అటక మీదే ఉంది. గిలక కూడా ఉంది. బావిలో నీళ్ళున్నాయి. తమ్ముడి చేత ఒక్క బొక్కెన చేదిద్దాం.